‘బూఢీ కాకీ’లో ఆశ ఎవరిది? పాత్రల విశ్లేషణ ఎలా రాయాలి?

నీ ప్రశ్న చదివానమ్మా. హిందీ రచయిత ప్రేమ్‌చంద్ కథ ‘బూఢీ కాకీ’ (ముసలి పిన్నమ్మ)లో పాత్రలను విశ్లేషించమంటే, బుద్ధిరామ్ అత్యాశపరుడు, రూప ముందు గయ్యాళి తర్వాత మంచిది, కాకీకి తిండియావ, లాడ్లీ అమాయకురాలు అని నాలుగు పేరాలు రాశావు. మీ మేడమ్ ‘కథ చెప్పావు, విశ్లేషణ లేదు’ అని పేపర్ వెనక్కి ఇచ్చేశారు. విశ్లేషణ అంటే ఇంకేం రాయాలన్నది నీ మొదటి ప్రశ్న. పూరీల కోసం అంత కక్కుర్తిపడిన కాకీది మాత్రం ఆశ కాదా అన్నది రెండోది. ఆ రెండోది విజయవాడలో మీ క్లాసులో అడిగితే అందరూ నవ్వారన్నావు. అది నవ్వాల్సిన ప్రశ్న కాదు. ఈ కథలో అడగాల్సిన అసలు ప్రశ్న అదే.

నేను గుంటూరులో హిందీ లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. హిందీ ప్రచార సభ పరీక్షలు రాసే పిల్లలకు బ్రాడీపేటలో ఇప్పటికీ సాయంత్రాలు పాఠం చెబుతుంటాను. ఈ కథ చెప్పినప్పుడల్లా క్లాసులో ఎవరో ఒకరు తలదించుకుని కూర్చుంటారు. వాళ్లింట్లో అలాంటి నాయనమ్మో మేనత్తో ఉంటుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు కథ ఒకసారి గుర్తుచేసుకుందాం. కాకీకి భర్త ఎప్పుడో పోయాడు. కొడుకులు ఎదిగాక పోయారు. వరసకు కొడుకయ్యే బుద్ధిరామ్ ఒక్కడే దిక్కు. ఆస్తి మొత్తం అతని పేర రాసేసింది. దాని మీద ఏడాదికి నూటయాభై, రెండొందల రూపాయల రాబడి వస్తుంది. రాయించుకునే రోజున బుద్ధిరామ్ ఎన్నో మాటలిచ్చాడు. ఇప్పుడు ఆమెకి కడుపునిండా అన్నం దొరకడమే కష్టం. కళ్లు, కాళ్లు, చేతులు పనిచేయవు. నాలుకకి రుచి ఒక్కటే మిగిలింది. కావలసింది అడగడానికి ఏడుపు తప్ప మరో దారి లేదు. బుద్ధిరామ్ పెద్దకొడుక్కి తిలకం వేడుక జరుగుతుంది. మన నిశ్చితార్థం లాంటిదనుకో. ఊరంతా భోజనాలకి వచ్చింది. నెయ్యి, మసాలాల వాసనకి ఆగలేక కాకీ దేక్కుంటూ బాండీ దగ్గరికి వెళ్తుంది. బుద్ధిరామ్ భార్య రూప అందరి ముందూ తిట్టి పంపేస్తుంది. ఇంకాసేపటికి అందరూ తినేసి ఉంటారనుకుని మళ్లీ వస్తుంది. ఈసారి బుద్ధిరామ్ ఈడ్చుకెళ్లి చీకటి గదిలో పడేస్తాడు. రాత్రి అందరూ నిద్రపోయాక అతని కూతురు లాడ్లీ తన వాటా పూరీలు తెచ్చి పెడుతుంది. అవి చాలవు. లాడ్లీ చెయ్యి పట్టుకుని కాకీ ముంగిట్లోకి వెళ్లి, తిని వదిలేసిన విస్తళ్లలో మిగిలిన ముక్కలు ఏరుకుని తింటుంది. నిద్రలేచిన రూప అది చూసి వణికిపోతుంది. దీపం వెలిగించి, పళ్లెం నిండా వడ్డించి తెచ్చి, క్షమించమని అడుగుతుంది.

నువ్వు రాసింది తప్పు కాదు, కానీ ‘అత్యాశపరుడు’ అనేది తీర్పు. తీర్పుకి ముందు వాదన ఉండాలి. ఏ పాత్రకైనా ఒక విశేషణం తగిలించేముందు మూడు విషయాలు చూడు. ఈ మనిషి ఎవరికి ఏం ఇచ్చాడు? ఎప్పుడు ఇచ్చాడు? ఇవ్వడంవల్ల అతనికి పోయిందెంత? ఆశ గురించిన కథలో ఈ లెక్క తప్పకుండా పనికొస్తుంది. ‘బూఢీ కాకీ’లో అయితే ప్రేమ్‌చంద్ ఈ లెక్కంతా తిండి రూపంలో మన కళ్లముందే పెట్టాడు.

బుద్ధిరామ్‌తో మొదలుపెడదాం. చాలామంది పిల్లలు చూడకుండా దాటేసే సంగతి ఒకటుంది. రచయిత అతన్ని మంచివాడిగానే పరిచయం చేస్తాడు. తన డబ్బు సంచీ మీదికి రానంతవరకు అతను సజ్జనుడు. అంతేకాదు, అప్పుడప్పుడు అతనికి పశ్చాత్తాపం కూడా కలుగుతుంది. ఈ ఆస్తి వల్లే కదా నేనివాళ పెద్దమనిషినై కూర్చున్నాను అనుకుంటాడు. ఉత్త ఓదార్పు మాటలతో సరిపోయేదైతే అతనికి ఏ అభ్యంతరమూ ఉండేది కాదట. అదనపు ఖర్చు అనగానే ఆ మంచితనం అణిగిపోతుంది. ఇదే బుద్ధిరామ్ పాత్రకి తాళంచెవి. అతను క్రూరుడు కాడు, క్రూరుడికి పశ్చాత్తాపం ఉండదు. తప్పని తెలిసి, ఆ తప్పు దిద్దుకోవడానికయ్యే ఖర్చు లెక్కేసి ఆగిపోయేవాడు.

రచయిత అక్కడే మరో మాట అంటాడు. రూప నోరు పదునైనా ఆమెకి దైవభీతి ఉంది. అందుకని కాకీకి రూప కటువుతనం కన్నా బుద్ధిరామ్ మంచితనమే ఎక్కువ బాధ కలిగించేదట. నీ జవాబులో ఈ ఒక్క వాక్యాన్ని విడమరిచి రాస్తే చాలు, సగం విశ్లేషణ అయిపోతుంది. ఎందుకు అలా అన్నాడు? తిట్టే మనిషి దగ్గర ఎక్కడ నిలబడ్డామో తెలుస్తుంది. తియ్యగా మాట్లాడి పని జరుపుకున్నవాడి దగ్గర ఫిర్యాదు చేయడానికి కూడా ఆధారం దొరకదు. ఊళ్లో అందరూ అతన్ని మంచివాడనే అంటారు కదా.

ఇలాంటి మనిషిని చూడాలంటే ఉత్తరప్రదేశ్ దాకా వెళ్లక్కర్లేదమ్మా. మన గుంటూరులో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర ఒక పూట నిలబడితే చాలు. దస్తావేజు లేఖరి గది ముందు ప్లాస్టిక్ కుర్చీలో ఒక పెద్దావిడని కూర్చోబెట్టి ఉంటారు. కొడుకో, మేనల్లుడో పక్కనే ఉంటాడు. ఎండ తగలకుండా కుర్చీ జరుపుతాడు. పొట్లంలో ఇడ్లీ తెచ్చి, చట్నీ కారంగా ఉంటుందేమోనని పక్కకి తీసి పెడతాడు. కొబ్బరిబోండాం కొట్టించి స్ట్రా వేసి చేతికిస్తాడు. వేలిముద్ర సరిగ్గా పడకపోతే ఆ వేలు తన కర్చీఫ్‌తో తుడిచి మళ్లీ పెట్టిస్తాడు. అందులో నటన ఉందని నేననను. ఆ రోజుకి అదంతా నిజమైన ప్రేమే కావచ్చు. రాజధాని మాట వచ్చాక, 2014 తర్వాత, మన రెండు ఊళ్ల మధ్య సెంటు నేల ధర ఎలా పెరిగిందో నీకు తెలుసు. అంతకుముందు ఎవరూ పట్టించుకోని మెట్టచేను ఉన్న ముసలమ్మకి కూడా ఉన్నట్టుండి చుట్టాలు పెరిగారు. ప్రశ్నల్లా, ఆ ఇడ్లీ పొట్లం దస్తావేజు అయిపోయిన ఆరు నెలలకి కూడా వస్తుందా లేదా అన్నదే. ప్రేమ్‌చంద్ సరిగ్గా ఆ ఆరు నెలల తర్వాతే కథ మొదలుపెట్టాడనుకో. సంతకం రోజున బుద్ధిరామ్ ఏం చేశాడో కథలో దృశ్యంగా లేదు, ఒక్క ముక్కలో చెప్పి వదిలేశాడు. ఆ వదిలేసిన దృశ్యాన్ని ఊహించగలిగితే బుద్ధిరామ్ అర్థమవుతాడు.

ఇప్పుడు రెండోసారి బయటికొచ్చిన కాకీని అతను పట్టుకునే ఘట్టం చూడు. పారిపోయిన మోసకారి బాకీదారు కంటపడితే కనికరం లేని షావుకారు ఎలా గొంతు పట్టుకుంటాడో, అలా ఉరికి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడని రాశాడు. ఈ ఉపమానం దగ్గర తప్పకుండా ఆగాలి. అసలు బాకీ ఎవరికి ఎవరు? ఆమె ఆస్తి తిన్నది అతను, ఇచ్చిన మాట తప్పిందీ అతనే. కానీ ఆ పూట ముంగిట్లో అతను షావుకారులా నిలబడ్డాడు, ఆమె ఎగవేతదారులా దొరికిపోయింది. ఇద్దరి స్థానాలూ తారుమారయ్యాయి. రచయిత తన నోటితో ‘ఇది అన్యాయం’ అనకుండా ఒక్క పోలికతో ఆ పని చేశాడు. పరీక్షలో ఇలాంటిది ఒకటి పట్టుకుని రెండు వాక్యాలు రాస్తే, దిద్దేవాళ్లకి నువ్వు కథ చదివావని తెలుస్తుంది, గైడు చదివి రాయలేదని తెలుస్తుంది.

ఇంకొకటి. అతిథులు తిన్నారు, ఇంటివాళ్లు తిన్నారు, వాయిద్యాలవాళ్లు, చాకలి, అందరూ తిన్నారు. కాకీని ఎవరూ పిలవలేదు. మర్చిపోయి కాదు. ఆమె సిగ్గులేనితనానికి శిక్షగా అన్నం పెట్టకూడదని భార్యాభర్తలిద్దరూ నిర్ణయించుకున్నారు. అంటే ఆ రాత్రి ఆకలి ఒక తీర్పు. దాని మీద రూప సంతకం కూడా ఉంది. ఈ సంగతి గుర్తుంచుకుంటే రూపని ‘మారిన మంచి మనిషి’ అని తేలిగ్గా రాసేయలేవు.

రూప విషయానికొద్దాం. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన పాత్ర ఆమెదే, కష్టమైన పాత్ర కూడా ఆమెదే. బాండీ దగ్గర కాకీని తిట్టేముందు రచయిత రూపని ఎలా చూపించాడో మళ్లీ చదువు. ఆ గదిలోకి ఒకసారి, ఈ గదిలోకి ఒకసారి పరుగులు. ఒకరికి చల్లటి పానీయం కావాలి, ఇంకొకరికి సంభావన ఇవ్వాలి. గొంతెండిపోతున్నా గుక్కెడు నీళ్లు తాగే తీరిక లేదు. విసనకర్రతో విసురుకునే తీరికా లేదు. కోపం చూపిద్దామంటే ఈమాత్రానికే ఉడికిపోయిందని ఇరుగుపొరుగు అంటారేమోనన్న భయం. మన ఇళ్లలో ఫంక్షన్ రోజున అమ్మ ముఖం ఒకసారి గుర్తుతెచ్చుకో. కూర తక్కువైతే మాట పడేది ఆమె, వియ్యాలవారు ముఖం ముడుచుకుంటే తల దించుకునేది ఆమె. పేరొస్తే మాత్రం ఇంటాయనకి వస్తుంది. అంత టెన్షన్లో ఉన్న మనిషికి ఎదురుగా, అతిథులింకా తినకముందే బాండీ పక్కన కూర్చున్న ముసలమ్మ కనిపించింది. రూప తిట్టిన తిట్లలో ఆమెని పీకుతున్న భయం ఏమిటో బయటపడిపోతుంది. ఇంట్లో ఈమెకి తిండి పెట్టరని ఊరంతా అనుకుంటుంది కదా అన్నదే ఆ భయం. ఊరు అనుకోబోయేది నిజమే. నిజం బయటపడటమే ఆమెకి భయం. నిజాన్ని మార్చాలన్న ఆలోచన ఆ క్షణానికి లేదు.

రాత్రి విస్తళ్ల దగ్గర కాకీని చూసినప్పుడు కూడా రూపని కదిలించింది ముందుగా భయమే. బ్రాహ్మణ స్త్రీ పరాయివాళ్ల ఎంగిలి విస్తళ్లు నాకుతోంది, ఈ పాపం మా పిల్లలకు చుట్టుకుంటుందన్న భయం. ఆకాశంకేసి చూసి దేవుణ్ణి వేడుకున్న మొదటి మాట ‘నా పిల్లల మీద దయ చూపు’ అనే. మొదట ఊరికి భయపడింది, అర్ధరాత్రి దేవుడికి భయపడింది. చూసేవాడు మారాడు. ఆ భయం వెనకాల జాలి వచ్చింది, జాలి వెనకాల లెక్క వచ్చింది. ఎవరి ఆస్తి మీద మాకు రెండొందలు వస్తున్నాయో ఆమెకి ఈ గతి పట్టించానా, వందలమంది తిన్నారు, వందల రూపాయలు ఖర్చుపెట్టాం, ఆమెకి మాత్రం పట్టెడన్నం పెట్టలేకపోయాం అని తనలో తనే అనుకుంటుంది. ఆ ఇంట్లో ఈ లెక్కని ఇంత విడమరిచి వేసుకున్న మనిషి రూప ఒక్కతే. బుద్ధిరామ్‌కి కూడా ఆస్తి సంగతి గుర్తుకొస్తుంది, కానీ ఖర్చు దగ్గర ఆగిపోతుంది. రూప ఆగలేదు. లేచి దీపం వెలిగించి, వంటకాలు పెట్టిన గది తలుపు తీసింది.

‘ఈ మార్పు నమ్మేలా ఉందా, ఒక్క రాత్రిలో మనిషి మారతాడా’ అని క్లాసుల్లో అడుగుతుంటారు. నేను నమ్ముతాను, ఎందుకంటే ఆ మార్పు చిన్నది. రూప ఏమిచ్చింది? ఒక పళ్లెం నిండా భోజనం, ఒక క్షమాపణ. ఏమివ్వలేదు? ఆస్తి వెనక్కి ఇవ్వలేదు. రేపటి నుంచి రోజూ పెడతానన్న మాటైనా ఇవ్వలేదు. క్షమాపణలో కూడా నా అపరాధాన్ని మన్నించమని దేవుణ్ణి ప్రార్థించు అని కాకీనే అడిగింది. అది దొంగ పశ్చాత్తాపమని నేననడం లేదు. ఆమె కన్నీళ్లు నిజమైనవే, అక్కడ కూర్చుని కాకీ తినడం చూస్తూ ఆమె పొందిన ఆనందం కూడా నిజమే. కానీ కథ ముగిసేనాటికి దస్తావేజు మీద పేరు మారలేదు. తెల్లారాక బుద్ధిరామ్ లేచి ఏమంటాడో కథ చెప్పదు. చివరి సన్నివేశంలో అతను అసలు లేడు. సాధారణంగా పిల్లలు ‘చివరికి అందరూ మారారు’ అని రాసేస్తారు. అందరూ మారలేదు. ఒక్క మనిషి, ఒక్క రాత్రి, ఒక్క పళ్లెం.

ప్రేమ్‌చంద్ తన రచనా పద్ధతిని ఆదర్శోన్ముఖ యథార్థవాదం అన్నాడని మీకు పాఠంలో చెప్పే ఉంటారు. ఉన్నది ఉన్నట్టు చూపించి, చివర్లో మంచివైపు ఒక తలుపు తెరిచి ఉంచడం. ఈ కథ దానికి చక్కటి ఉదాహరణ. 1936లో చనిపోవడానికి కొద్దికాలం ముందు రాసిన ‘కఫన్’లో ఆ తలుపు కూడా మూసేశాడు. అందులో తండ్రీకొడుకులు కోడలి శవం మీద కప్పే గుడ్డ కోసం అడుక్కున్న డబ్బుతో తాగి తింటారు. వాళ్లకి రూపలాంటి వణుకు రాదు. ఇంటి ఆడమనిషి, ఆకలి, డబ్బు రెండు కథల్లోనూ ఉన్నాయి, ముగింపులే వేరు. మేడమ్ పోలిక అడిగితే ఇది రాయొచ్చు, అడగకపోతే రెండు వాక్యాలు చాలు.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. కాకీది ఆశ కాదా? ప్రేమ్‌చంద్ ఆమెని దేవతగా చూపించలేదన్న మాట ముందే ఒప్పుకుందాం. ముసలితనాన్ని మళ్లీ వచ్చిన బాల్యంతో పోల్చి కథ మొదలుపెడతాడు. ఆమె మారాం చేస్తుంది, గొంతు చించుకుని ఏడుస్తుంది, కోపమొస్తే పిల్లల్ని శాపనార్థాలు పెడుతుంది. లాడ్లీ తెచ్చిన పూరీలు ఐదు నిమిషాల్లో తినేసి, మీ అమ్మనడిగి ఇంకొన్ని తెమ్మంటుంది. విస్తళ్ల దగ్గర కూర్చున్నప్పుడు తాను చేస్తున్నది చేయకూడని పని అని ఆమెకి తెలుసు. తెలిసీ ఆగలేకపోయింది. ఇవన్నీ దాచిపెట్టి ‘పాపం కాకీ’ అని రాస్తే పాత్రకి అన్యాయం చేసినట్టే.

అయితే అదే కాకీ ఇంకేం చేసిందో కూడా చూడాలి. చీకటి గదిలో కూర్చుని, నాకెవరూ పూరీలు తేలేదే అని ఏడవబోయి ఆగింది. శుభకార్యం జరుగుతున్న ఇంట్లో ఏడిస్తే అపశకునమని ఆగింది. తనని పస్తులుంచుతున్న ఇంటికి కీడు జరగకూడదని ఏడుపు మింగిన మనిషి ఆమె. రూప అందరిముందు తిట్టి పంపాక, తలెత్తలేదు, బదులు చెప్పలేదు, దేక్కుంటూ గదికి వెళ్లిపోయింది. వెళ్లాక రూప మీద కోపం తెచ్చుకోలేదు. అతిథులింకా తినకుండా నేనెందుకు వెళ్లాను, తొందరపడ్డాను అని తననే తప్పుపట్టుకుంది. పిలిచేదాకా కదలకూడదనుకుంది. ఆ నిర్ణయం ఎలా కరిగిపోయిందో ప్రేమ్‌చంద్ చాలా నెమ్మదిగా రాశాడు. నెయ్యి వాసన ఆమె ఓపికకి పరీక్ష. ఒక్కో నిమిషం ఒక్కో యుగం. తర్వాత తనకి తనే సర్దిచెప్పుకోవడం. అందరూ తినేసి వెళ్లిపోయి ఉంటారు, రూప చిరాకుపడింది, పిలవదేమో, నేనేమన్నా చుట్టపుచూపుగా వచ్చానా బొట్టుపెట్టి పిలవడానికి అనుకుంటుంది. ఈ పేరాలు చదివితే ఆమె లొంగిపోయింది బుద్ధిలేక కాదని, ఆకలికి ఓర్చుకుని ఓర్చుకుని చివరికి ఓడిపోయిందని తెలుస్తుంది.

మనం పెట్టుకున్న మూడు ప్రశ్నలు ఇక్కడ వేసి చూడు. కాకీ ఏమిచ్చింది? ఉన్నదంతా. ఎప్పుడిచ్చింది? ముందే. తనకేం మిగుల్చుకుంది? ఏమీ లేదు, ఒక్క మాట తప్ప. బుద్ధిరామ్‌కి కావలసింది ఎంత వచ్చినా సరిపోనిది, దాచుకునేది. కాకీకి కావలసింది ఈ పూట కడుపు నిండటం. అది నిండగానే తిట్లూ ఈడ్చిపారేయడం అన్నీ మర్చిపోయి దీవిస్తూ తింది. రెండింటినీ ఒకే మాటతో పిలిస్తే కథ చేతిలోంచి జారిపోతుంది. క్లాసులో నవ్వినవాళ్లకి నువ్వు చెప్పాల్సింది ఇదే. కాకీకి ఆశ ఉంది. ఆమె దగ్గర అది మిగిలి ఉండటానికి కారణం, మిగతావన్నీ ఆమె దగ్గర్నుంచి తీసేసుకోవడం.

లాడ్లీని ‘అమాయకురాలు’ అని రాశావు. అంత తేలిక కాదు. ఆ పిల్లకి కాకీ మీద ప్రేమ ఎలా పుట్టిందో రచయిత నిర్మొహమాటంగా చెబుతాడు. అన్నలిద్దరూ తన తినుబండారాలు లాక్కుంటారని భయపడి కాకీ పక్కన కూర్చుని తినేది. ఆ రక్షణకి అద్దెగా కాకీకి కొంత పెట్టాల్సి వచ్చేది. అన్నల అన్యాయం కన్నా అదే నయం కదా. ఒకరి అవసరం ఒకరికి ఉండబట్టే ఇద్దరి మధ్య సానుభూతి మొలిచిందంటాడు. ఎంత ధైర్యంగా రాశాడో చూడు. ఆ ఇంట్లో ఉన్న ఒక్క మంచి బంధం కూడా అవసరంలోంచి పుట్టిందే. బుద్ధిరామ్, కాకీల బంధం కూడా అవసరంలోంచి పుట్టిందే. కానీ అక్కడ అవసరం తీరాక అతను వదిలేశాడు. లాడ్లీ అవసరం తీరాక కూడా వదల్లేదు. తన పూరీలు తినకుండా బొమ్మల పెట్టెలో దాచింది. రాత్రి పదకొండింటికి ఎదురుగా వేపచెట్టు చూసి భయపడి, కళ్లు మూసుకుని, కుక్క లేచిన అలికిడికి కాస్త ధైర్యం తెచ్చుకుని ఆ పెట్టె పట్టుకుని వెళ్లింది.

నేను క్లాసులో పిల్లలతో పట్టుబట్టి రాయించే పాయింట్ ఒకటి ఇక్కడే ఉంది. ఆ రోజు ఆ ఇంట్లో వందలమందికి వడ్డించిన తిండి వెనక కాకీ ఆస్తి రాబడి ఉంది. చివర్లో రూప తెచ్చిన నిండు పళ్లెంలో కూడా ఉంది. తన సొంత వాటాలోంచి తీసి పెట్టింది లాడ్లీ ఒక్కతే. పోయిందెంత అని చూస్తే, ఆ పిల్లకి పోయింది ఆ పూట తిండి మొత్తం.

కాకీని గిల్లి పారిపోయే మగపిల్లల గురించి, భోజనాల దగ్గర ‘ఎవరీ ముసలిది’ అని ఉలిక్కిపడే అతిథుల గురించి ఎక్కువ రాయక్కర్లేదు. ఇంటి పెద్దలు ఎలా ప్రవర్తిస్తారో పిల్లలు అలాగే నేర్చుకుంటారు, ఊరు చూసీ చూడనట్టు ఊరుకుంటుంది అని ఒక వాక్యంలో కలిపేయి.

క్లాసులో ఒకబ్బాయి ‘కాకీ కేసు వేయొచ్చు కదా సార్’ అని అడిగాడు. ఇది సిలబస్‌లో లేకపోయినా పాత్రని అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది. ఇప్పుడైతే 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం ఉంది. పిల్లల్లేని వృద్ధుల ఆస్తి అనుభవిస్తున్న వారసుడు వాళ్లని పోషించాల్సిందే. కాకీ, బుద్ధిరామ్‌ల వరసే అది. అదే చట్టం 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటానన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూసుకోకపోతే, ఆ బదిలీని రద్దు చేయమని ఆర్డీఓ స్థాయి అధికారి ఉండే ట్రైబ్యునల్‌కి వెళ్లొచ్చు. ఆ షరతు దస్తావేజులో రాసుకోవడం చాలా ముఖ్యం, లేకపోతే కోర్టుల్లో చిక్కొస్తుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా గిఫ్ట్ డీడ్ రాస్తుంటే ఈ మాట చెప్పు. కాకీకి ఆనాడు ఇవేవీ లేవు. ఆమె తరఫున నిలబడగలిగిన ఒకే ఒక్క కోర్టు రూప మనసులోని దైవభీతి. ‘రూప దేవుడికి భయపడేది’ అని ప్రేమ్‌చంద్ కథ మొదట్లోనే ఎందుకు చెప్పి ఉంచాడో ఇప్పుడు తెలిసిందా? చివరి సన్నివేశానికి పునాది అక్కడే వేశాడు. ‘రూప హఠాత్తుగా మారింది’ అని మాత్రం రాయకు.

మళ్లీ రాసేటప్పుడు పాత్రకో పేరా అనే పద్ధతి వదిలెయ్. ముందు ఒక సంఘటన, దాని కింద ఆ సంఘటన పాత్ర గురించి ఏం చెబుతోందో, తర్వాత అదే సంఘటన ఇంకో పాత్రని ఎలా బయటపెడుతోందో రాయి. మచ్చుకి ఒకటి: ‘బాండీ దగ్గర కాకీని చూసిన రూప ఆమె ఆకలి గురించి ఆలోచించదు, ఊరు ఏమనుకుంటుందో ఆలోచిస్తుంది. రాత్రి విస్తళ్ల దగ్గర చూసినప్పుడు ఊరు నిద్రపోతోంది. చూసేవాళ్లు ఎవరూ లేనప్పుడే రూప తన తప్పుని ఒప్పుకోగలిగింది. బుద్ధిరామ్‌కి అలాంటి క్షణాన్ని కథ ఇవ్వలేదు.’ నాలుగు వాక్యాల్లో రెండు సంఘటనలు, ఇద్దరు మనుషులు వచ్చారు, విశేషణం ఒక్కటీ వాడలేదు చూశావా?

బుద్ధిరామ్ పేరా షావుకారు పోలికతో మొదలుపెట్టు, పరిచయ వాక్యాలతో వద్దు. లాడ్లీకి కనీసం అరపేజీ ఉంచు. మార్కులు సగం అక్కడే పోగొట్టుకుంటారు. రాశాక ఫొటో తీసి పంపమ్మా, మీ మేడమ్‌కి ఇచ్చేముందు ఒకసారి చూసి చెబుతాను.